పేరెత్తని కళావతి

మొగుడి పేరు చెప్పమంటే కళావతి నోటికి తాళం పడేది. మిగతా వేళల్లో ఆ నోటికి తాళం మాట అటుంచి గడియ కూడా ఉండేది కాదు. కువైట్‌లోని ఫహాహీల్ బజారులో కూరగాయలమ్మే ఇరానీవాడితో అరబీలో బేరానికి దిగిందంటే వాడు తక్కెడ కింద పెట్టి దణ్ణం పెట్టేవాడు. పనిచేసే ఇంట్లో కువైటీ యజమానురాలిని అక్కడి పనివాళ్ళందరిలాగే మామా, అంటే అమ్మా అని పిలుస్తూనే, "మామా, మీరంతా తిన్నాక మిగిలింది కాదు, నా వంతు ముందే తీసి పెట్టు" అని మొహమ్మీద చెప్పగలిగిన మనిషి. అంతటి మనిషి, పరాయి దేశంలో ఏళ్ళ తరబడి నెగ్గుకొచ్చిన మనిషి, "మీ ఆయన పేరేంటమ్మా?" అని ఎవరైనా అడిగితే మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కవాళ్ళ మొహం చూసేది.

ఆ పేరు పెంచలయ్య. వెలిగొండల్లో వెలసిన పెంచలకోన నరసింహస్వామి పేరు. రాజంపేట వైపు వాళ్ళలో చాలామందికి ఆయన ఇలవేల్పు. అందువల్ల కళావతికి మొగుడి పేరుతోబాటు దేవుడి పేరు కూడా కరువైంది. కష్టమొస్తే "కోన సామీ" అని మొక్కుకునేది.

నేను ఊరుకునే రకం కాదు. నా పేరు భీమేశ్వరరావు, మాది ముమ్మిడివరం దగ్గర. గోదావరి నీళ్ళు తాగినవాడికి వెటకారం ఎవరూ నేర్పక్కర్లేదు.

"కోన సామీ అంటే ఏ కోన అనుకుంటాడమ్మా దేవుడు? మాదీ కోనసీమేనండి. నన్నే పిలిచావనుకుని నేను పలికేస్తే ఎలాగా?" అనేవాణ్ణి.

అన్నా అనడాన్ని వాళ్ళ వైపు "నా" అని తుంచేస్తారు. "నీకేం నా, మొగోడివి. మొగుడి పేరు పెండ్లాం నోట్లో నానితే ఆయన ఆయుస్సు తరుగుతాదంట. మా వదిన చెప్పింది. పెండ్లినాడు గడప కాడ ఒక్క తూరి చెప్పినా. అది సాలు."

ఆ వదిన సిద్ధమ్మ, పెంచలయ్యకి అక్క. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. పెళ్ళినాడు గడపకి అడ్డంగా నిలబడి, కొత్తకోడలి చేత మొగుడి పేరు చెప్పించి లోపలికి రానిచ్చిందీ ఆవిడే. ఆ ఇంట్లో "పెంచలా" అని పేరు పెట్టి కేకేసే గొంతు ఆవిడది ఒక్కటే. కువైట్ మీదికి ఇరాక్ యుద్ధానికి రాకముందు ఏడు సిద్ధమ్మ పాము కరిచి పోయింది. పెంచలయ్యకి అరబ్బు యజమాని సెలవివ్వలేదు. చివరిచూపు దక్కలేదని అతను మా గదిలో మూలకి తిరిగి కూర్చుని ఏడవడం నేను చూశాను. ఓదార్చడం నాకు చేతకాదు. టీ కాచి ఇచ్చాను.

పెంచలయ్య మంచినీళ్ళ ట్యాంకరు నడిపేవాడు. నేను చమురు కంపెనీకి సామాన్లు చేరవేసే ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్‌కీపరుని. ఫహాహీల్‌లో ఇద్దరిదీ ఒకే గది. కళావతి అక్కడికి దగ్గర్లోనే కువైటీ ఇంట్లో ఉండేది. ఒకే దేశంలో ఉన్న మొగుడూ పెళ్ళాలు వారానికి ఒక్కసారి, శుక్రవారం, సముద్రపు రోడ్డు మీద బస్టాపులో కలుసుకునేవాళ్ళు. కాపురమంతా ఆ సిమెంటు బల్ల మీదే. ఆమె డబ్బాలో రాగిసంగటి తెచ్చేది. అతను తింటూ ఉంటే ఆమె వారం రోజుల కబుర్లూ చెప్పేది.

అతను రోడ్డుకి అవతల ఉంటే పిలవడం ఎలా? పేరు పలకకూడదు, "ఏమయ్యా" అంటే బజారులో సగం మంది తెలుగువాళ్ళు తిరిగి చూస్తారు. అందుకని చప్పట్లు కొట్టేది. రెండు గబగబా, కాస్త ఆగి ఇంకొకటి. లారీల మోతలో కూడా పెంచలయ్య ఆ చప్పుడు పట్టేవాడు. మొహం విప్పారిపోయేది. "ఆమె వచ్చింది నా" అని నా చేతిలో ఏముంటే అది లాక్కుని పక్కన పెట్టి మరీ లేచేవాడు. అతను కూడా పెళ్ళాం పేరెత్తడు. అతనికి ఆమె "ఆమె", ఆమెకి అతను "ఆయన". అలా బతికారు, హాయిగా బతికారు.

తొంభయ్యో ఏడు ఎండలు ముదిరేసరికి పెంచలయ్య ట్యాంకరు మెట్టు ఎక్కలేకపోయాడు. రెండడుగులు వేస్తే ఆయాసం. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళవాపు జ్వరం గుండెలో ఒక కవాటాన్ని పాడు చేసిందట, ఇన్నాళ్ళు ఓర్చుకుని ఇప్పుడు మొరాయించిందట. పెద్దాసుపత్రిలో కోసి కొత్త వాల్వు వేస్తామన్నారు. కళావతి మామా కాళ్ళావేళ్ళా పడి ఆ పూటకి సెలవు తెచ్చుకుంది. ఆపరేషన్ గదిలోకి తోసుకెళ్తుంటే పెంచలయ్య తల తిప్పి, "శుక్రవారానికి లేస్తాలే, సంగటి తే" అన్నాడు. జులై నెల అది.

గుండె లేచింది. మనిషి లేవలేదు.

డాక్టరు ఈజిప్టువాడు, పెద్దమనిషి. దాచకుండా చెప్పాడు. గుండెని ఆపి, రక్తాన్ని యంత్రంలో తిప్పుతూ ఆపరేషన్ చేస్తారట. ఆ సమయంలో ఎక్కడో చిన్న రక్తపు గడ్డ జారి మెదడులోకి పోయింది. మెదడులో కుడివైపు కొంత చచ్చిపోయింది. అందుకే ఎడమ చెయ్యీ ఎడమ కాలూ కదలడం లేదు. ఊపిరి గొట్టం తీసేశారు, తనంతట తనే ఊపిరి పీలుస్తున్నాడు, ముక్కులోంచి గొట్టంతో పాలు పోస్తున్నారు. గిచ్చితే మొహం చిట్లిస్తాడు. అంతకుమించి ఏమీ లేదు.

"ఇలాంటివాళ్ళు కొందరు మెల్లగా పైకొస్తారు. అయినవాళ్ళు చెవి దగ్గర పేరు పెట్టి పిలుస్తూ ఉండాలి. అలవాటైన గొంతు కావాలి" అన్నాడు.

ముందు నేను పిలిచాను. మలయాళీ నర్సు పిలిచింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నర్సు కళావతిని ముందుకి తోసింది. కళావతి వంగి, "ఇదో, ఇట్ల సూడు. నేనొచ్చినా. ఏమయ్యా" అంది. చప్పట్లు కొట్టింది. ఆ వార్డులో మిగతా రోగులు ఉలిక్కిపడ్డారు గానీ పెంచలయ్య రెప్ప కదపలేదు.

"పేరు, పేరు" అంది నర్సు.

కళావతి బయటికొచ్చేసింది. నేను వెంటబడ్డాను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

"ఏమ్మా, నీ చాదస్తం మండిపోనూ! మనిషి అలా పడుంటే ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడే నా పిలవగూడంది! ఎంట్రుకవాసి ఆయుస్సు మీద ఉండాడు. ఉండేది గూడా నేనే తుంచేయాల్నా? ఇంగోటి గూడా ఉండాది. చెవిలో పేరు పెట్టి పిలిచేది ఎవురినో తెల్దా నీకు?"

నాకు అప్పుడు వెలిగింది. దింపుడు కళ్ళం. పాడెని శ్మశానం దారిలో దించి, అయినవాళ్ళు శవం చెవిలో ముమ్మారు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా నక్కి ఉంటే లేచొస్తుందన్న ఆఖరి ఆశ. మూడోసారీ లేవకపోతే ఇక ఆశ వదులుకుని పాడె ఎత్తుతారు. మా నాన్నని అలా పిలిచింది నేనే. ఆ తర్వాత ఆమెని తిట్టబుద్ధి కాలేదు. కానీ కోపం మాత్రం పోలేదు, ఎవరి మీదో తెలియని కోపం.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు ఆగస్టు రెండున ఇరాక్ వాళ్ళు వచ్చిపడ్డారు. పొద్దున్నే రేడియోలో పాటలు ఆగిపోయాయి. సముద్రపు రోడ్డు మీద టాంకులు. మొదటి రోజు అందరం కిటికీలకి దుప్పట్లు కట్టుకుని నేలమీద కూర్చున్నాం. తర్వాత రోజుల్లో బజారుకెళ్తే అలవాటైన దుకాణాలన్నీ పగిలి ఉన్నాయి. ఆ ఇరానీవాడి తక్కెడ రోడ్డు మీద పడి ఉంది, వాడు లేడు. రొట్టెల కోసం ఎండలో వరస కడితే వరసలోనే ఒకడు కూలిపోయాడు. ఎవరూ వరస వదిలి వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు.

కళావతి పనిచేసే ఇంటివాళ్ళు కార్లు సర్దుకుని సౌదీకి బయల్దేరారు. మామా ఆమెని కూడా ఎక్కమంది. మంచి మనిషే ఆవిడ. "ఆయన్ని ఇడ్సి రాను మామా" అందట ఈమె. వాళ్ళు వెళ్ళిపోయారు. కళావతి పాస్‌పోర్టు ఎక్కడో యజమాని బీరువాలో ఉండిపోయింది. ఒక సంచీ పట్టుకుని మా గదికి వచ్చింది. మా కంపెనీ పాత పికప్పు నా దగ్గరే ఉంది. అందులో రోజూ ఇద్దరం ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళం. దారిలో తుపాకులు అడ్డం పెట్టి ఆపేవాళ్ళు. "హిందీ, హిందీ" అని, ఇండియావాళ్ళమని చెబితే వదిలేసేవాళ్ళు, చేతి గడియారం ఉంటే తీసుకుని.

నా తోటివాళ్ళంతా బస్సులెక్కి బస్రా మీదుగా జోర్డాన్ దారి పట్టారు. అక్కణ్ణుంచి మన దేశం విమానాలు పంపుతోందని కబురు. నన్నూ రమ్మన్నారు. ఎందుకు ఆగానని అడిగితే ఏం చెప్పను? ఒక గదిలో ఒక కంచం పక్కన ఇంకో కంచం పెట్టుకుని తిన్నవాణ్ణి. అతనంటే నాకు ప్రేమ. అంతే.

ఆస్పత్రి రోజురోజుకీ ఖాళీ అవుతోంది. నర్సులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఉన్నవాళ్ళే పాలు పోయాలి, వాళ్ళే పక్కలు మార్చాలి. పెంచలయ్య నడుం కింద పుండు పడింది. కళావతి ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా తనే కడిగేది. కడుగుతూ వాళ్ళ ఊరి వాళ్ళందరి సంగతులూ చెప్పేది, వాళ్ళందరి పేర్లూ పలికేది, అతని పేరు తప్ప.

నెలాఖరున ఒక మధ్యాహ్నం ఇరాకీ సైనికాధికారి ఒకడు వార్డుకి వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, కళ్ళకింద నలుపు. అరవలేదు. ఈ అంతస్తంతా రేపటికల్లా తన సైనికులకి కావాలన్నాడు. లేవగలిగినవాళ్ళు వెళ్ళిపోవాలి, మిగిలినవాళ్ళని అయినవాళ్ళు తీసుకుపోవాలి. "యల్లా, కానివ్వండి" అని చెయ్యి ఊపి పక్క గదిలోకి వెళ్ళాడు.

ఈజిప్టు డాక్టరు మా ఇద్దర్నీ మంచం దగ్గరికి పిలిచాడు. "మేలుకుని నోటితో మింగగలిగితే గొట్టం తీసేస్తాను, బస్సులో కూర్చోబెట్టి తీసుకుపోవచ్చు. ఈ స్థితిలో కదిపితే బస్రా కూడా చేరడు. ఇక్కడ వదిలేస్తే రేపట్నుంచి పాలు పోసే చెయ్యి ఉండదు. ఇంకోసారి ప్రయత్నించండి" అన్నాడు.

నేను కళావతి వైపు తిరిగాను. "అమ్మా, ఇప్పుడు పిలవకపోతే ఇక పిలవక్కర్లేదు."

"పిలిచినాక పోతే? నేనే సంపినట్ల గాదా నా?"

"పిలవకపోతే ఎలాగూ పోతాడు."

అంత కటువుగా అన్నాను. అక్కడ మెత్తగా అనడానికి ఏమీ మిగల్లేదు.

కళావతి రవికలోంచి తాళి బయటికి తీసి కళ్ళకద్దుకుంది. దాన్ని గుప్పిట్లో పట్టుకుని వంగింది. పెదాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు. లేచి నిలబడింది. మళ్ళీ వంగింది.

"పెంచలా."

ఆ గొంతు ఆమెది కాదు. ఆ పేరుని తనకంటూ ఒక తీరులో ఆమె ఏనాడూ పలకలేదు కదా. ఆ ఇంట్లో ఆ పేరుని పిలిచిన గొంతు ఒక్కటే ఆమె చెవుల్లో ఉంది. సాగదీసి, చివర కాస్త కసురుతూ పిలిచే సిద్ధమ్మ గొంతు. నోరు తెరిస్తే అదే వచ్చింది.

పెంచలయ్య రెప్పలు అదిరాయి. నర్సు నా భుజం పట్టుకుని నొక్కింది.

"పెంచలా! లెయ్! పొద్దెక్కింది సూడు!"

కళ్ళు తెరిచాడు. ఒట్టిగా తెరవడం కాదు, వెతుకుతున్న చూపు. నర్సు ఇంకోసారి పిలవమంది. కళావతి తల అడ్డంగా ఊపింది. మూడోసారి పిలవను, ఏమైనా సరే పిలవను అన్నట్టు నోరు చేత్తో మూసుకుంది. అవసరం కూడా లేకపోయింది. పెంచలయ్య ఆమె మొహాన్ని కిందా మీదా చూసి, ఎండిన పెదాలు విడదీసి, "అక్కా" అన్నాడు.

మేం నవ్వాం. ఆ మాట ఏమిటని ఎవరు పట్టించుకుంటారు, మాట వచ్చింది! డాక్టరు నవ్వాడు, నర్సు ఏడుస్తూ నవ్వింది. కళావతి నేలమీద కూలబడి "సామీ, సామీ" అంటూ మొక్కింది. చెంచాతో నీళ్ళు పోస్తే గుటక వేశాడు.

మర్నాడు గొట్టం తీసి మా గదికి తెచ్చేశాం. జావ తాగాడు, జారుగా చేసిన సంగటి తిన్నాడు. నన్ను గుర్తుపట్టాడు, "భీమేశ్వరన్నా, నా ట్యాంకరు ఎవురు తోల్తాండారు?" అని అడిగాడు. గది గుర్తుంది, ఊరు గుర్తుంది, తన గుండె కోశారన్న సంగతి గుర్తుంది. గోడ పట్టుకుని ఎడమకాలు ఈడుస్తూ నాలుగడుగులు వేశాడు. అన్నీ బాగున్నాయి. కళావతిని మాత్రం అక్కా అంటున్నాడు, ఆ అక్క పోయిందన్నదే గుర్తులేనట్టు.

"ఈవిడెవరయ్యా?" అని నేను అడిగాను, నిమ్మళంగా.

"మా యక్క. సిద్ధక్క. మొన్ననే వచ్చినట్టుండాది ఊర్నుంచి."

"మబ్బులో ఉండాడు నా" అంది కళావతి. "తేరుకుంటాడు."

నేనూ అదే అనుకున్నాను. డాక్టరుని అడిగితే, మెదడు దెబ్బతిన్నవాళ్ళలో అరుదుగా ఇలా అవుతుందన్నాడు. ఒక మనిషి చోట ఇంకో మనిషి కనబడతారట. సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చు. ఆమె "ఏమయ్యా" అంటే అతను పలకడు. "ఇదో" అంటే చూడడు. "పెంచలా" అంటేనే తల తిప్పుతాడు, ముద్ద తింటాడు, మందు మింగుతాడు. గడప దగ్గర ఒక్కసారి చెప్పి చాలించిన పేరుని కళావతి పొద్దున లేచింది మొదలు పలుకుతూనే ఉండాల్సి వచ్చింది. పలికినప్పుడల్లా మొదట్లో తాళి ముట్టుకునేది. తర్వాత తర్వాత అదీ మానేసింది.

పెంచలయ్య కూర్చోగలిగాక, కళావతికి పాస్‌పోర్టు బదులు మన ఎంబసీవాళ్ళిచ్చిన కాగితం పట్టుకుని బయల్దేరాం. బస్సులో బస్రా, బాగ్దాదు, తర్వాత ఎడారి. జోర్డాన్ సరిహద్దులో గుడారాల మధ్య దించారు. పగలు నిప్పులు, కంట్లో ఇసుక, ఎక్కడ చూసినా మనుషులు. నీళ్ళ లారీ వస్తే దాని మీద పడి కొట్టుకునేవాళ్ళు. పక్క గుడారంలో ఒక బీహారీ ముసలాయన పోతే ఇసుకలో చేతులతో గొయ్యి తీశాం. కళావతి నీళ్ళ కోసం వెళ్తే నేను పెంచలయ్య దగ్గర కూర్చునేవాణ్ణి.

ఒకరోజు ఆమె డబ్బా నింపుకుని వస్తూ దారి తప్పినట్టుంది. గుడారాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. మమ్మల్ని దూరం నుంచి చూసి, పాత అలవాటు కొద్దీ, డబ్బా కింద పెట్టి చప్పట్లు కొట్టింది. రెండు గబగబా, ఆగి ఇంకొకటి.

పెంచలయ్య చటుక్కున తలెత్తాడు. ఆ మొహం విప్పారడం నేను బస్టాపులో ఎన్నిసార్లు చూశానో!

"ఇన్నావా నా? ఆమె! ఆమె వచ్చింది!" అంటూ నా భుజం పట్టుకుని లేచాడు.

నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. తెర తొలగిపోయిందనుకున్నాను. కళావతి కూడా అదే అనుకుంది. డబ్బా అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది, వచ్చి అతని ఎదురుగా నిలబడింది, రొప్పుతూ, నవ్వుతూ. పెంచలయ్య ఆమె భుజం మీదుగా దూరంగా చూస్తూ, కుడిచేత్తో ఆమెని పక్కకి నెట్టాడు.

"పక్కకు జరుగక్కా. ఆమె వస్తాంది."

కళావతి పక్కకి జరిగింది. అతను ఆ ఎండలో చాలాసేపు అలాగే నిలబడి చూశాడు. నీళ్ళ డబ్బా ఎవరో ఎత్తుకుపోయారు.

ఆరోజు నుంచి పెంచలయ్యకి పెళ్ళాం ధ్యాస పట్టుకుంది. కువైట్‌లో చిక్కుకుపోయిందని నిశ్చయించుకున్నాడు. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో విమానం మెట్ల దాకా వచ్చి మొండికేశాడు.

"నేను రాను. ఆమె ఆడ్నే ఉండిపాయ, ఆ సిపాయిల మద్దెన. మొగుణ్ణయి ఉండి ఇడ్సిపెట్టి నా పానం నేను సూసుకుంటానా? నువ్వు పో అక్కా. నేను బోయి ఆమెను తోడుకోని వస్తా."

వెనక జనం తోస్తున్నారు. విమానం అధికారి ఎక్కించండి లేదా పక్కకి తప్పించండి అని అరుస్తున్నాడు. ఎంత మంచి మొగుడు! ఏ ఆడది ఆ మాట వింటే పొంగిపోదు? వినాల్సిన మనిషి పక్కనే నిలబడి, దుమ్ము కొట్టుకుపోయిన కొంగుతో అతని చొంగ తుడుస్తోంది. నాకు ఆ దేవుడి మీద పట్టరాని కోపం వచ్చింది.

కళావతి నా వైపు చూసి, "గట్టిగా పట్టుకో నా" అంది. గబగబా మెట్లెక్కి విమానం లోపలికి వెళ్ళిపోయింది. కనబడకుండా తలుపు చాటున నిలబడి చప్పట్లు కొట్టింది. రెండు గబగబా, ఆగి ఇంకొకటి.

పెంచలయ్య నన్ను విదిలించుకున్నాడు. చచ్చుబడ్డ కాలుని ఈడ్చుకుంటూ, మెట్టుకి ఒకసారి రొప్పుతూ, కొత్త వాల్వు వేసిన గుండె ఏమవుతుందోనని నేను వెనకే చేతులు చాపుకుని ఎక్కుతుంటే, తనంతట తనే పైదాకా ఎక్కాడు. తలుపు దగ్గర కళావతి ఎదురైంది.

"ఆమె యాడక్కా?"

"ముందర కూసోనుండాది, పెంచలా. ఇమానం దిగినాక సూద్దువు. రా."

అతను నమ్మాడు. అక్క మాట కదా. ఆమె పక్క సీట్లో కూర్చుని కాసేపటికి నిద్రపోయాడు. కళావతి బొంబాయి దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

యుద్ధం అయ్యాక మా కంపెనీ నన్ను మళ్ళీ పిలిచింది. వెళ్ళాను. బతకాలి కదా. సెలవు మీద వచ్చినప్పుడు రాజంపేటలో దిగి వాళ్ళ పల్లెకి పోయాను. కళావతి అరటి తోటల్లో కూలికి వెళ్తోంది. బొట్టు ఉంది, తాళి ఉంది. చిక్కిపోయింది. పెంచలయ్య రోడ్డు వైపున్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు, బలంగానే ఉన్నాడు.

"పోయిన నెల కోనకు పోయొచ్చినా నా" అంది కళావతి. "పెంచల సామికి మొక్కు చెల్లించినా."

నేను తెల్లబోయాను. "దేవుడి పేరు పూర్తిగా పలికేస్తున్నావే!"

"పలుకుతాండా. ఇంగేముండాది అడ్డం?" అని లోపలికి పోయింది.

పెంచలయ్య నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"నువ్వు కువైట్ నుంచే గదా నా వచ్చింది? మా ఆమె అగుపడిందా?"

తలెత్తి చూస్తే కళావతి మజ్జిగ గ్లాసు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. చెప్పు అన్నట్టు తలూపింది.

"కనపడిందయ్యా. శుక్రవారం, బస్టాపులో."

"సప్పట్లు కొట్టిందా?"

"కొట్టింది."

పెంచలయ్య మొహం చూడాలి అప్పుడు. నా చెయ్యి పట్టుకున్నాడు. "మల్లా అగుపడితే చెప్పు నా. నేను బాగుండానని చెప్పు. ఆ పని ఇడ్సిపెట్టి వచ్చేయమను. ఈడ మా యక్క ఉండాది, ఆమెను కూతురి మాదిరి సూసుకుంటాదని చెప్పు. మరిసిపోవాకు."

మరిచిపోలేదు. కళావతి నన్ను సాగనంపడానికి రోడ్డు దాకా వచ్చినప్పుడు, పక్కనే ఉండి అంతా విన్నదని తెలిసినా, నేను ఆ మాటలన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా ఆమెకి చెప్పాను. ఆయన బాగున్నానని చెప్పమన్నాడమ్మా. ఆ పని మానేసి వచ్చేయమన్నాడు. ఎవరికి చెప్పమన్నాడో వాళ్ళకి చెప్పకపోతే నేను మనిషినేనా? ఆమె తల వంచుకుని చివరిదాకా వింది.

"సరే నా" అంది. "వస్తానని చెప్పు."

వెనక అరుగు మీంచి "అక్కా" అని కేక వినబడింది. "వస్తాండా, పెంచలా" అంటూ కళావతి వెళ్ళిపోయింది.